ఆర్డిత్ కొలిచిన వంపు

ఆర్డిత్ లాబ్‌సింగర్ చేతికింద ఇనుము అబద్ధమాడదని ఆ సరస్సు ఒడ్డు ప్లాంటులో ముప్ఫై ఏళ్ళుగా అందరూ అనుకునేవాళ్ళు. అందరికంటే ఎక్కువ తనే అనుకునేది. అనుకుని ఊరుకునే రకమా? "నేను రాసిన అంకె ఒక్కటంటే ఒక్కటి తప్పని తేల్చండి, ఆ కాగితానికి ఉప్పు చల్లుకుని మీ ఎదురుగానే తింటాను" అని భోజనాల గదిలో బల్ల చరిచి మరీ చెప్పేది. తేల్చినవాడు లేడు. పాతికేళ్ళ ఇంజనీర్లు కంప్యూటర్లు పట్టుకుని వచ్చేవాళ్ళు, ఆమె రాసిన కాగితాలు తీసుకుని మారు మాట్లాడకుండా పోయేవాళ్ళు.

ఆమె పని గొట్టాల మందం కొలవడం. అణు విద్యుత్తు అనగానే ఊళ్ళో జనానికి రియాక్టరే కళ్ళముందు కనబడుతుంది, దాని గురించే భయపడతారు. ఆర్డిత్‌కి ఆ భయం లేదు. దానికి కాపలా కాసేవాళ్ళు వందమంది ఉన్నారు. ఆమె భయమల్లా నీళ్ళంటే. బాయిలర్లకి నీళ్ళు మోసే గొట్టాలు ఆ ప్లాంటు నిండా మైళ్ళకొద్దీ మెలికలు తిరిగి ఉంటాయి. వాటిలో పారేవి మనం తాగే నీళ్ళు కావు. ఉప్పూ మట్టీ గాలీ ఏదీ మిగలకుండా కడిగి కడిగి వదిలిన నీళ్ళు. అంత శుభ్రం చేసిన నీళ్ళకి ఆకలెక్కువ. సలసలా కాగుతూ, వడిగా పరిగెడుతూ, వంపు వచ్చిన చోటల్లా గొట్టం లోపలి గోడని కాస్త కాస్త నాకుతూ పోతాయి. ఎర్రటి తుప్పు రాలదు, చిల్లు పడదు, బొట్టు కారదు. పైనుంచి చూస్తే నిన్నటి గొట్టమే. లోపల మాత్రం ఏడాదికింతని పల్చబడిపోతూ ఉంటుంది. అలా అలా పల్చబడి ఏదో ఒకరోజు గుడ్డ చిరిగినట్టు చిరుగుతుంది. ఆ క్షణాన దాని కింద ఎవరు నడుస్తున్నారన్నదొక్కటే అప్పుడు మిగిలే ప్రశ్న.

అందుకే రెండేళ్ళకోసారి యూనిట్‌ని ఆపినప్పుడు, వేడి పోకుండా పైన చుట్టిన తొడుగులు విప్పి, గొట్టం మీద పెన్నుతో గళ్ళు గీసి, గీతలు కలిసిన ప్రతి చోటా కాస్త జెల్లు రాసి, ప్రోబు అదిమి పెట్టి చూస్తారు. ప్రోబు అంటే తీగ చివర బొత్తాం లాంటి బిళ్ళ. అది ఇనుములోకి శబ్దాన్ని పంపుతుంది. శబ్దం లోపలి గోడదాకా వెళ్ళి తిరిగొస్తుంది. ఎంతసేపట్లో వచ్చిందన్నదాన్ని బట్టి యంత్రం మీద అంకె పడుతుంది. ఇన్ని మిల్లీమీటర్లు అని.

ఈ పని కోసం ఆర్డిత్ పుట్టలేదు. పాలవాళ్ళ ఇంట పుట్టింది. ఇరవై రెండు ఆవులు, రాళ్ళ నేల, ఆమె చిన్నతనంలోనే పోయిన తండ్రి. తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసి పాలు పితికింది. తండ్రి లేని ఇంటికి పెద్ద దిక్కు అన్న గార్నెట్. ఆమెకంటే నాలుగేళ్ళు పెద్ద. కోప్పడితే తర్వాత ఆవుల్ని కూడా క్షమాపణ అడిగేటంత మెత్తని మనిషి. ఆవులమ్మేశాక ఆమె ఈ ప్లాంటు క్యాంటీనులో పళ్ళేలు కడగడానికి చేరింది. అతను దక్షిణాన ఒక బొగ్గు ప్లాంటులో చేరాడు. ఆదివారం ఇంటికొచ్చి తల్లి ఊరబెట్టిన పుల్లక్యాబేజీ రెండు సీసాలు పట్టుకెళ్ళేవాడు.

ఆమెకి ఇరవై నాలుగేళ్ళప్పుడు, నవంబరు నెలలో, గార్నెట్ నడుస్తున్న దారి పైన ఒక వేడినీళ్ళ గొట్టం వంపు దగ్గర పేలింది. తొమ్మిది రోజులు బతికాడు. ఆ తొమ్మిది రోజుల గురించి ఆర్డిత్ ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ ప్లాంటు పై అధికారులు ముగ్గురు ఇంటికొచ్చారు, టోపీలు చేతుల్లో పట్టుకుని. ఆ వంపుని ఏడాది కిందటే కొలిచారట. మందంగానే ఉందని రాశారట.

"ఎవరు రాశారు?" అని తల్లి అడిగింది.

"అమ్మా, అది ఒక మనిషి తప్పు అనలేం. విధానంలో లోపం."

"విధానానికి చేతులుంటాయా బాబూ? ఎవరి చెయ్యి రాసిందని అడుగుతున్నా."

వాళ్ళు టోపీల అంచులు తిప్పుకుంటూ కూర్చున్నారు గానీ పేరు చెప్పలేదు. తల్లి బతికినంత కాలం ఆ పేరు అడుగుతూనే పోయింది. ఏటా నవంబరులో గార్నెట్ పేరు మీద చర్చిలో పూజ చెప్పించేవాళ్ళు. ఆ ఊరి ఆచారం అది. ఎవరి కోసం పూజో ఆ ఆదివారం చర్చి కాగితంలో అచ్చు వేస్తారు. ఆర్డిత్ మోకాళ్ళ మీద కూర్చుని, అందరితోపాటు ప్రార్థన చదివి, చివర్లో తన సొంత మాట ఒకటి కలిపేది. "ఆ కొలిచినవాడి చెయ్యి ఎండిపోవాలి." గొంతు పైకి రాకుండా, పెదాలు మాత్రం కదిలేలా. అలా ముప్ఫై మూడు నవంబర్లు.

అన్న పోయిన ఏడాదే పళ్ళేలు వదిలేసి, గొట్టాల తొడుగులు విప్పే గుంపులో చేరింది. మూడేళ్ళు ఆ తొడుగుల్లోని గాజునూలు దురదలు పడ్డాక, మందం కొలిచే హెక్టర్ టోల్మీ దగ్గరికెళ్ళి నిలబడింది. హెక్టర్ పొట్టివాడు, మీసం పెద్దది, నోరు అంతకంటే పెద్దది.

"ఏం చదివావే పిల్లా?"

"తొమ్మిది. అదీ సగం."

"మిగతా సగం ఏమైంది?"

"ఆవులు తినేశాయి."

హెక్టర్ ముక్కుతో నవ్వాడు. "పరీక్ష ఉంటుంది. రాయగలవా?"

"రాస్తా. తప్పితే మళ్ళీ రాస్తా."

రెండుసార్లు తప్పింది. మూడోసారి గట్టెక్కింది. హెక్టర్ ఆమెకి నేర్పినవాటిలో పుస్తకాల్లో ఉన్నది సగం, లేనిది సగం. గళ్ళ దగ్గర మాత్రమే ప్రోబు పెట్టి ఊరుకోకూడదు, గడికీ గడికీ మధ్య కూడా ఇస్త్రీ చేసినట్టు పాకించాలి అన్నాడు. ఇంకొకటి చెప్పాడు. దాన్ని మాత్రం మెట్లు మెట్లుగా కోసిన ఇనప ముక్క బల్ల మీద పెట్టి చూపించాడు.

"ఇది చిన్న ప్రోబు, సన్నని గోడలకి. ఇది లావు ప్రోబు, దళసరి గొట్టాలకి. ఈ లావుదాన్ని సన్నని మెట్టు మీద పెట్టు. ఎంత చూపిస్తోంది?"

"ఆరు."

"మెట్టు మీద చెక్కింది చదువు."

"మూడు!"

"అదీ సంగతి. దీనికి చెవుడు పిల్లా. గోడ మరీ పల్చగా ఉంటే శబ్దం గబుక్కున తిరిగొచ్చేస్తుంది. మొదటిసారి తలుపు కొడితే ఇది వినదు. రెండోసారి కొడితే వింటుంది. రెండు రాకపోకల దూరాన్ని ఒక్కటే అనుకుని రెట్టింపు రాస్తుంది. కాబట్టి అంకె తగ్గుతూ తగ్గుతూ వచ్చి ఉన్నట్టుండి పెరిగిందా, సంబరపడకు. అరిగిన ఇనుము మళ్ళీ ఒళ్ళు చేయదు. అక్కడే ఆగు. చిన్న ప్రోబు తెప్పించుకో. అప్పుడు గానీ రాయకు."

హెక్టర్ పోయి పదకొండేళ్ళయింది. ఆ మెట్ల ముక్క ఆర్డిత్ సొరుగులోకి వచ్చింది. కొత్తగా చేరిన ప్రతివాడికీ అదే ముక్క మీద అదే పాఠం చెప్పేది, హెక్టర్ కంటే రెండు తిట్లు ఎక్కువ కలిపి. పెళ్ళి చేసుకోలేదు. తల్లి వదిలిన ఇటుకల ఇంట్లో టమాటాలు పెంచుకుంటూ, బుధవారాలు పేకాటలో మగవాళ్ళని ఏడిపిస్తూ బతికింది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, గర్వం ఆమెకి కొంచెం ఎక్కువే. అయితే ఆ గర్వం ఊరికే వచ్చింది కాదు. తను కొలిచిన గొట్టం కింద ఎవడూ గార్నెట్‌లా కాలిపోలేదన్నదే ఆమెకున్న ఆస్తి.

యాభై ఏడో ఏట, పనిలోంచి దిగిపోవడానికి ఇంకా తొమ్మిది రోజులుందనగా, ఒక గురువారం మధ్యాహ్నం అది జరిగింది. ఆ ఏటి షట్‌డౌను ముగిసింది. తొడుగులు తిరిగి చుట్టేశారు, పరంజాలు దించేశారు. తెల్లవారితే యూనిట్ నడపడమే. భోజనాల గదిలో ఆర్డిత్ చేపముక్క పెట్టిన రొట్టె తింటోంది. ఎదురుగా రోడా కూర్చుని ఉంది. రోడా నలభై రెండేళ్ళ మనిషి, మొన్నటిదాకా బడి బస్సు నడిపింది, ఇప్పుడు పరీక్ష గట్టెక్కి ఆర్డిత్ దగ్గర పని నేర్చుకుంటోంది. చదవడం అలవాటు కావాలని ఇంజనీరు ఆమెకి పాత కాగితాలు ఒక కట్ట ఇచ్చాడు.

"ఆర్డిత్, ఇదొకటి అర్థం కావట్లేదు."

"నీకు అర్థమైంది ఏముంది గనక."

"ఇదిగో ఈ వంపు. వరసలో ఆరూ పాయింటు నాలుగు, ఐదూ పాయింటు ఐదు, నాలుగూ పాయింటు ఆరు. ఆ పక్క గడిలో ఆరూ పాయింటు రెండు. దిగుతూ దిగుతూ వచ్చి ఒక్కసారి ఎక్కింది. అక్కడ గట్టి ఇనుముందా?"

ఆర్డిత్ రొట్టె నములుతూనే కళ్ళెగరేసింది. "గట్టి ఇనుమా! నిన్న ఆ మెట్ల ముక్క మీద నీకు చెప్పిందంతా బస్సు కిటికీలోంచి పారేశావా? అది రెట్టింపు అంకె తల్లీ. లావు ప్రోబుతో కొలిచిన దద్దమ్మ ఎవడో! పైన చూడు, ఏ ప్రోబని రాశాడు?"

"లావుదే."

"చెప్పానా! కళ్ళు నెత్తికెక్కి కొలిస్తే ఇలాగే ఉంటుంది. వాడి పేరు చదువు, వెళ్ళి నాలుగు దులిపి వస్తా."

రోడా కాగితం కింది భాగం చూసింది. చూసి, కాగితాన్ని మెల్లగా ఆర్డిత్ వైపు తిప్పి పెట్టింది.

లాబ్‌సింగర్ అన్న పేరులో చివరి అక్షరానికి తోక తిప్పే అలవాటు ఆ ప్లాంటులో ఒక్కరికే ఉంది.

ఆర్డిత్ రొట్టె కింద పెట్టింది. తేదీ రెండేళ్ళ కిందటిది. రోజంతా గుర్తొచ్చేసింది. బాయిలరు పంపు వెనక సందు, పైన వంపు, ఎత్తైన పరంజా. చిన్న ప్రోబు తీగ తెగింది. కొత్తది భోజనాల తర్వాత పంపిస్తామన్నారు. కింద తొడుగులవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడి, "అయిందా ముసలమ్మా? మాకూ ఇళ్ళూ వాకిళ్ళూ ఉన్నాయి" అని అరుస్తున్నారు. లావు ప్రోబు నడుముకే వేలాడుతోంది. అదే పెట్టింది. నాలుగూ ఆరు దగ్గర మనసు ఒక్క క్షణం ఆగింది. పక్క గడిలో ఆరూ రెండు పడింది. అమ్మయ్య అనుకుంది. ఆ అమ్మయ్య అన్న మాట ఇప్పుడు గొంతులో చేపముల్లులా అడ్డం పడింది. ఎందుకంటే ఆరూ రెండులో సగం మూడూ ఒకటి. ఆ వంపు మూడూ తొమ్మిదికి తగ్గితే మార్చేయాలి. తను రాసిన కాగితం చూసే కదా, బాగుంది, ఇంకో ఆరేళ్ళదాకా దీని జోలికి పోనక్కర్లేదని పక్కన పెట్టారు! అలా వదిలేశాక రెండేళ్ళు నీళ్ళు దాన్ని నాకుతూనే ఉన్నాయి.

"ఒకవేళ నిజంగానే అక్కడ దళసరిగా ఉందేమో," అంది రోడా నెమ్మదిగా. "కొన్ని వంపులు పోత పోసినప్పుడే అలా ఉంటాయని మీరే అన్నారుగా."

"అన్నాను."

అప్పుడే వెండెల్ టోల్మీ లోపలికొచ్చాడు. హెక్టర్ కొడుకు. తండ్రి మీసం రాలేదు గానీ నోరు వచ్చింది. షిఫ్టుకి రెండుసార్లు ఆ పంపు వెనక సందులో నడిచి, గేజీలు చూసి రావడం అతని పని.

"ఆర్డిత్! నీ వీడ్కోలు కేకు మీద క్రీము గులాబీ పెట్టిస్తున్నారట. ఆ గులాబీ ఉన్న ముక్క నాది. ముందే చెప్తున్నా, తర్వాత ఏడవకు."

"పో, పోయి పని చూసుకో," అంది ఆర్డిత్. ఎప్పుడూ అనే మాటే. గొంతు మాత్రం ఎప్పటిది కాదు. వెండెల్ ఒక్క చూపు చూసి, కాఫీ పోసుకుని వెళ్ళిపోయాడు.

ఆర్డిత్ బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. గంటసేపు కూర్చుంది. ఏం ఆలోచించలేదని చెప్తే అబద్ధం. రోడా అన్నట్టు అది నిజంగా దళసరిదే అయితే, పరంజా మళ్ళీ కట్టించి, తొడుగు విప్పించి, యూనిట్‌ని ఆపించిన పిచ్చి ముసలిదిగా మిగిలిపోతుంది. దళసరిది కాకపోతే, ముప్ఫై ఏళ్ళు బల్ల చరిచి చెప్పుకున్న మాట బూడిదలో పోసినట్టే. నోరు మూసుకుంటేనో? తొమ్మిది రోజుల్లో గులాబీ కేకు తిని ఇంటికెళ్ళిపోవచ్చు. ఆ వంపు ఇంకో ఏడాది ఆగొచ్చు, మూడేళ్ళు ఆగొచ్చు. ఆగకపోతే కింద వెండెల్ ఉండొచ్చు, ఇంకెవడో ఉండొచ్చు. అప్పుడు ముగ్గురు మనుషులు టోపీలు చేత్తో పట్టుకుని వెండెల్ తల్లి దగ్గరికెళ్ళి, విధానంలో లోపం అంటారు.

గార్నెట్ మీద పేలిన వంపు కాగితం రాసినవాడు కూడా ఇలాగే ఒక బెంచీ మీద కూర్చున్నాడా? లేక, కూర్చోవలసిన అవసరం ఉందని అతనికి తెలియనే లేదా? ముప్ఫై మూడేళ్ళలో మొదటిసారి ఆర్డిత్‌కి ఆ మనిషి ఒక మనిషిలా కనిపించాడు. నడుముకి లావు ప్రోబు, కింద ఎవరో అరుస్తూ, మనసులో అమ్మయ్య.

లేచి, కాగితం మడవకుండా పట్టుకుని, గొట్టాల ఇంజనీరు క్వెనెల్ గదికి వెళ్ళింది. క్వెనెల్ నెమ్మదైన మనిషి. యాభై రోజులుగా సరిగ్గా నిద్ర లేక కళ్ళకింద సంచులు వేలాడుతున్నాయి.

"పంపు వెనక వంపు మళ్ళీ కొలవాలి," అంది ఆర్డిత్.

"ఏ వంపు? ఎందుకు? రేపు ఉదయం ఆరింటికి మొదలు ఆర్డిత్!"

"అందుకే ఇవాళొచ్చా." కాగితం ముందు పెట్టి, ఆ గడి మీద వేలు పెట్టింది. అంతకంటే చెప్పాల్సిన పని లేకపోయింది. క్వెనెల్ చదివాడు. పై వరస చదివాడు, మళ్ళీ కింది వరస చదివాడు. కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఖాయమా?"

"ఖాయమైతే చెప్పడానికి రాను, కేకలేసుకుంటూ వస్తాను. ఖాయం కాదు. కాబట్టే కొలవాలి."

క్వెనెల్ ఫోను తీసి, మాట్లాడి, పెట్టేశాడు. అవతలి గొంతు గట్టిగా అరవడం ఆర్డిత్‌కి వినబడుతూనే ఉంది. తర్వాత అతను లోపాల ఫారం ఒకటి బయటికి తీశాడు. మంచివాడు గనక ఇలా అన్నాడు:

"ఇదిగో ఆర్డిత్, ప్రోబు లోపం అని రాద్దాం. పరికరం సరైనది కాకపోవడం వల్ల అని. పేరు రాయాలని నియమమేం లేదు. తొమ్మిది రోజుల్లో దిగిపోతున్నారు మీరు."

"ప్రోబేం చేసింది పాపం? దాన్ని చేతిలోకి తీసుకున్నది నేను."

"పేరు రాస్తే మీ సర్టిఫికెట్ ఆపేస్తారు. విచారణ పూర్తయ్యేదాకా ప్రోబు ముట్టుకోనివ్వరు."

"ఆపనీ." ఆర్డిత్ పెన్ను అందుకుంది. "మా అమ్మ పద్నాలుగేళ్ళు ఒక పేరు అడుగుతూ పోయింది క్వెనెల్ గారూ. ఎవడో మంచివాడే దాచిపెట్టి ఉంటాడు, మీలాగే. దానివల్ల ఎవరికి మేలు జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు."

తప్పు జరిగిన తీరు అన్న చోట నాలుగు ముక్కలు రాసింది. అక్షరాలు వంకర. స్పెల్లింగులు ఎలాగూ ఆమె లెక్కచేయదు. చేసినవారు అన్న చోట పూర్తి పేరు రాసి, చివరి అక్షరానికి తోక తిప్పింది.

శుక్రవారం ఉదయం ఆరింటికి యూనిట్ నడవలేదు. పరంజా మళ్ళీ లేచింది. తొడుగులవాళ్ళు గొణుక్కుంటూ విప్పారు. లోపం రాసినవాళ్ళు కొలవకూడదన్నది నియమం. కాబట్టి పైకెక్కింది రోడా. ఆమెకిదే మొదటి సొంత కొలత. ఆర్డిత్ తాడు కట్టిన గీతకి ఇవతల, కింద నిలబడింది. ఆమె పక్కన క్వెనెల్. కాస్త దూరంగా వెండెల్ కూడా వచ్చి నిలబడ్డాడు. అప్పటికి విషయం ప్లాంటంతా పాకిపోయింది.

"ఏ ప్రోబు?" అని ఆర్డిత్ కిందనుంచి అరిచింది.

"చిన్నది!"

"మెట్ల ముక్క మీద సరిచూశావా?"

"రెండుసార్లు చూశా ఆర్డిత్. నన్ను కొలవనిస్తారా?"

రోడా అంకెలు పైనుంచి ఒక్కొక్కటే చెప్తుంటే, క్వెనెల్ రాసుకుంటున్నాడు. ఐదూ ఏడు. నాలుగూ తొమ్మిది. మూడూ తొమ్మిది. పంపులన్నీ ఆగిపోయిన ఆ హాల్లో జెల్లు సీసా మూత తీసిన చప్పుడు కిందిదాకా వినబడింది.

"రెండూ పాయింటు నాలుగు," అంది రోడా. బస్సులో అల్లరి పిల్లల్ని నోరు మూయించిన గొంతు, ఆ మాట దగ్గర సన్నబడిపోయింది. "మళ్ళీ పెట్టి చూశా. రెండూ నాలుగే."

"చుట్టూ పాకించు," అంది ఆర్డిత్. "ఎంత మేరో తెలియాలి."

"అరచేయంత ఉంది."

వెండెల్ తలెత్తి ఆ వంపుని చూశాడు. తర్వాత తన బూట్లు ఉన్న చోటు చూసుకున్నాడు. గేజీ చదవాలంటే సరిగ్గా అక్కడే నిలబడాలి.

ఆ వంపుని కోసేసి, క్రోమియం కలిపిన ఉక్కు వంపు వేసి అతకడానికి ఆరు రోజులు పట్టింది. సన్నని గోడల మీద ఆర్డిత్ తొందరపడి లావు ప్రోబు పెట్టిన కొలతలు ఇంకేమైనా ఉన్నాయేమోనని ఆమె రాసిన పాత కాగితాలన్నీ బయటికి తీసి చూశారు. ఇంకొకటి లేదు. ఉన్న ఆ ఒక్కటీ చాలదా! సర్టిఫికెట్ ఆపేశారు. మిగిలిన రోజులన్నీ సామాను గదిలో కూర్చుని ప్రోబులు తుడిచింది. కోసిన ముక్కని చూడమని క్వెనెల్ ఒకరోజు పిలిచాడు. లోపలి గోడ మీద వేలు పెట్టింది. గరుకుగా ఉంటుందనుకుంది. లేదు, నున్నగా, చిన్న చిన్న అలలు అలలుగా ఉంది, వేసవిలో సరస్సు ఒడ్డున మోకాలి లోతు నీళ్ళలో పాదాలకి తగిలే ఇసకలాగా. చిన్నప్పుడు గార్నెట్ ఆమె చెయ్యి పట్టుకుని ఆ ఇసక మీద నడిపించేవాడు. వేలు తీసి జేబులో గుడ్డకి తుడుచుకుని, "మూత పెట్టండి" అని వచ్చేసింది.

చివరి రోజు కేకు తెచ్చారు. గులాబీ ఉంది. వచ్చినవాళ్ళు చాలామందే గానీ, అందరూ కేకు వైపే చూస్తూ నిలబడ్డారు. అప్పుడు వెండెల్ బల్ల చివర ఉన్న ఉప్పు సీసా తీసుకొచ్చి ఆర్డిత్ ముందు పెట్టాడు. పక్కన ఆ కాగితం నకలు.

"కేకు ముందా? ఇది ముందా?"

రోడా, "ఏంటి వెండెల్ ఇది, మనిషివేనా!" అంది.

"ఊరుకో రోడా. వాడి నాన్నా ఇలాగే ఉండేవాడు," అంది ఆర్డిత్. మాట తప్పే మనిషి కాదామె. ఆ గడి ఉన్న మేరకి కాగితం చింపింది. ఉప్పు చల్లింది. నోట్లో వేసుకుని, తొందరపడకుండా, చివరిదాకా నమిలి మింగింది. వెండెల్ కళ్ళు ఎర్రబడ్డాయి. గులాబీ ఉన్న ముక్క కోసి, తను తీసుకోకుండా ఆమె పళ్ళెంలో పెట్టాడు.

"థాంక్స్ చెప్తావనుకున్నా," అంది ఆర్డిత్.

"అలాంటి మాటలు నాకు రావు," అన్నాడు వెండెల్.

"నాకూ రావులే. తిను."

ఆ నవంబరులో ఆర్డిత్ చర్చి వెనక గదికి వెళ్ళింది. ఫాదరు పూజల పుస్తకం తెరిచి, అడగకుండానే గార్నెట్ లాబ్‌సింగర్ అని రాసేశాడు.

"దాని కింద ఇంకొకటి రాయండి ఫాదర్."

"ఎవరి పేరు?"

"పేరు తెలియదు. గొట్టాలు కొలిచే మనిషి."

"బతికున్నారా, పోయారా?"

"అదీ తెలియదు. బతికున్నా పోయినా పూజ పనికొస్తుందిగా?"

ఫాదరు ఆమె ముఖంలోకి చూసి, ఇంకేం అడక్కుండా రాశాడు.

ఆదివారం చర్చి కాగితంలో అచ్చయింది. గార్నెట్ లాబ్‌సింగర్ కోసం. కింది వరసలో, గొట్టాలు కొలిచిన ఒకరి కోసం. ఊళ్ళోవాళ్ళు అది చదివి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కొందరు ఆర్డిత్ తన గురించి తనే వేయించుకుందనుకున్నారు. ఆమె దిద్దలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, అందరితోపాటు ప్రార్థన చదివింది. ముప్ఫై మూడేళ్ళు సొంత మాట కలిపిన చోటు వచ్చింది. ఆర్డిత్ తన కుడిచేతిని ముందు బల్ల మీద పెట్టుకుని, కాసేపు దానివైపే చూసింది. పెదాలు కదపకుండా లేచి నిలబడింది.